దుఃఖితుల చెంత: క్రైస్తవ విశ్వాసంలో పరామర్శ

‘పరామర్శ’ అనే మాటను చావు జరిగిన ఇంటికి వెళ్ళి రావడమనే అర్థంలో మనం నిత్యం వాడుతూ ఉంటాము. సంస్కృతంలో ‘మృశ్’ ధాతువునకు తాకుట అని అర్థం. తర్కశాస్త్రంలో పరామర్శ అనగా అనుమాన ప్రమాణంలో నిర్ణయానికి ముందు జరిగే ఆలోచన. తెలుగువాడు ఆ మాటను తార్కికుల వద్దనుండి తీసుకొని దుఃఖంలో ఉన్నవాని గడప దగ్గరకు తెచ్చాడు. అడిగి తెలుసుకొనుట అనే అర్థాన్ని దానికిచ్చాడు. ఉర్దూలో ఇదే పనికి ‘పుర్సా’ అనే మాట కలదు. అది పారశీకంలో అడుగుట అనే అర్థం గల ‘పుర్సీదన్’ అనే క్రియనుండి పుట్టింది. ఒకరినొకరు అనుకరించకుండానే రెండు భాషలవారూ ఓదార్పునకు ‘అడుగుట’ అనే పేరు పెట్టుకోవడం మాకు వింతగా తోచింది. అరబ్బీనుండి వచ్చిన ‘తాజియత్’ ఓర్పును సూచించే మాట. ఎదుటివానికి ఓర్పు కలిగేటట్లు చేయడమే తాజియత్. ఇక క్రొత్త నిబంధన వెలసిన గ్రీకు భాషలో ఓదార్చుటకు వాడిన ‘పరకలెయో’ అనే క్రియకు మూలార్థం ‘పక్కకు పిలుచుట’. ఆ ధాతువునుండి వచ్చిన ‘పరాక్లేతోస్’ అనే నామమునే తెలుగు బైబిలు ‘ఆదరణకర్త’ అని అనువదించింది. క్రైస్తవులు పరిశుద్ధాత్మను ఆ పేరుతో పిలుస్తారు. ఆ మతంలో ఓదార్పు ఒక మర్యాదగా మాత్రమే నిలిచిపోక దైవస్వభావంలోనే చేరిపోయిందని ఈ ఒక్క మాట వలననే తెలుస్తుంది.

ముస్లిమునైన రచయిత క్రైస్తవ విశ్వాసాన్ని గురించి వ్రాయడమేమని కొందరు పాఠకులకు తోచవచ్చును. మన కళాశాలలో ఒకే బల్లపై రెండు మూడు మతాల పిల్లలు కూర్చుంటారు. సహాధ్యాయి ఇంట్లో మరణం జరిగినప్పుడు అక్కడి ఆచారమేమిటో, ఏమి మాట్లాడవచ్చునో తెలియక, గుమ్మం బయటనే చెప్పులు విప్పకుండా నిలబడి తిరిగి వచ్చే విద్యార్థులను మేము చూస్తూనే ఉన్నాము. వారికి దయ లేక కాదు, జంకు వలన. ఆ జంకు కొంతైనా తీరితే చాలునని ఈ వ్యాసం.

యోహాను సువార్త పదకొండవ అధ్యాయంలో ఒక చావు ఇల్లున్నది. బేతనియ అనే గ్రామం యెరూషలేమునకు రెండు మైళ్ళ లోపు దూరంలో ఉంటుంది. అక్కడ మార్త, మరియ అనే అక్కచెల్లెండ్రు, వారి సోదరుడు లాజరు నివసించేవారు. లాజరు జబ్బు పడగా సోదరీమణులు యేసునకు కబురు పంపారు. ఆయన రెండు దినాలు ఆలస్యం చేసి వచ్చేసరికి లాజరును సమాధిలో ఉంచి నాలుగు దినాలైంది. ఊరివారు, పట్టణంనుండి వచ్చిన యూదులు ఇంటినిండా ఉన్నారు. మార్త ఎదురు వెళ్ళింది. మరియ ఇంట్లోనే కూర్చుండిపోయింది. తరువాత ఇద్దరూ వేరు వేరుగా ఆయనను కలిసినప్పుడు పలికిన మొదటి మాట ఒక్కటే: మీరు ఇక్కడ ఉండి ఉంటే మా సోదరుడు చనిపోయేవాడు కాదని. అది నిష్ఠురమే. చావు ఇంటికి ఆలస్యంగా వెళ్ళిన ప్రతి బంధువూ ఎక్కడో ఒకచోట ఆ నిష్ఠురం వినే ఉంటాడు.

ఇక్కడ గమనించవలసినది ఆ ఒకే మాటకు యేసు ఇచ్చిన రెండు సమాధానాలు. మార్తతో ఆయన మాట్లాడారు. పునరుత్థానాన్ని గురించి, విశ్వాసాన్ని గురించి ఆమెతో సంభాషించారు. ఆమె కూడా వాదించగలిగిన మనిషి, ప్రశ్నకు జవాబు చెప్పింది. మరియ ఆయన పాదాలపై పడి ఏడ్చింది. ఆమెకు ఆయన వేదాంతం చెప్పలేదు. సమాధి ఎక్కడున్నదని మాత్రం అడిగారు. ఆ పిమ్మట ఆయనే కన్నీరు కార్చారు. ఆ సంగతి చెప్పే వాక్యం ఆంగ్ల బైబిలు అంతటిలోను అతి చిన్న వాక్యంగా పేరు పొందింది. దానికి వ్యాఖ్యలు మాత్రం విస్తారంగా పుట్టాయి. మరికొంతసేపటిలో లాజరును లేపబోతున్నవాడు ఎందుకు ఏడవాలి అన్నది వ్యాఖ్యాతల ప్రశ్న. ఫలితం తెలిసినవానికి కన్నీరు అనవసరమనుకోవడం మనకు సహజం. సువార్తికుడు అలా అనుకోలేదు. రాబోయే సంతోషం ఎంత నిశ్చయమైనదైనా, ఇప్పుడు ఎదుటనున్న దుఃఖం అబద్ధం కాదని ఆ ఘట్టం వలన బోధపడుతున్నది. చనిపోయినవారిని హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) అల్లాహ్ అనుమతితో లేపినారని దివ్య ఖుర్ఆన్ కూడా చెబుతుంది; ఆయన ఎవరన్న విషయంలో మాకును క్రైస్తవులకును గల భేదం అందరికీ తెలిసినదే. ఆ భేదం ఉన్నచోటనే ఉంచి, బేతనియలోని ఆ కన్నీటిని గౌరవించడానికి మాకు అడ్డేమీ కనబడలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) తన పసికుమారుడు ఇబ్రాహీం చివరి ఘడియలలో కన్నీరు పెట్టారు. చూసిన సహచరుడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ ఆశ్చర్యపడగా, ఇది కారుణ్యమని ఆయన సమాధానమిచ్చినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది. మగవాడు ఏడవరాదని చెప్పే పెద్దమనుషులు ఈ రెండు సంగతులనూ ఏ మతం పేరుతో కొట్టివేస్తారో తెలియదు.

పరామర్శకు వెళ్ళి చెడగొట్టిన కథ కూడా బైబిలులోనే ఉన్నది. పాత నిబంధనలోని యోబు గ్రంథం అది. ఆయననే మేము అయ్యూబ్ అంటాము. సంపదలు పోయాయి, సంతానం పోయింది, ఒళ్ళంతా పుండ్లు పడి బూడిదలో కూర్చున్నాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు మిత్రులు మూడు చోట్లనుండి మాట్లాడుకొని కలిసి వచ్చారు. దూరంనుండి చూసి అతనిని గుర్తు పట్టలేకపోయారు. బట్టలు చించుకొని ఏడ్చారు. ఆ తరువాత ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలపై కూర్చున్నారు. బాధ ఎంతటిదో చూసి ఒక్కరూ నోరు తెరువలేదు. ఇంతవరకు వారిని మించిన స్నేహితులు లేరు.

యోబు మొదట మాట్లాడాడు, తాను పుట్టిన దినాన్నే శపించుకున్నాడు. అంతే, ముగ్గురికీ నోళ్ళు లేచాయి. దేవుడు న్యాయవంతుడు గనుక నీలో ఏదో పాపముండి తీరవలెనన్నది వారి వాదన సారాంశం. నలభై రెండు అధ్యాయాల ఆ గ్రంథంలో అధిక భాగం ఈ వాదమే ఆక్రమించింది. వారు పలికిన వాక్యాలను విడివిడిగా తీసి చూస్తే చాలావరకు భక్తిపూర్వకమైనవే; ప్రసంగంలో పలికితే మెచ్చుకోదగినవే. చివరకు దేవుడు ఎలీఫజుతో మాట్లాడి, అతనిపైన, అతని మిత్రులిద్దరిపైన కోపించి, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదని మందలించడం, యోబే వారికోసం ప్రార్థించవలసి రావడం ఆ గ్రంథపు ముగింపులో కనబడుతుంది. దేవుని పక్షాన వాదించినవారినే దేవుడు తప్పు పట్టడం ప్రపంచ సాహిత్యంలోనే అపూర్వ సన్నివేశమని మా అభిప్రాయం.

యూదులు ఈ కథనుండి ఒక ఆచారాన్ని గ్రహించారు. చావు ఇంటికి వెళ్ళినవాడు దుఃఖంలో ఉన్నవాడు మొదట మాట్లాడేవరకు తాను మాట్లాడరాదు. ఏడు దినాల సంతాపంలో ఇంటివారు నేలపైననో, పొట్టి పీటలపైననో కూర్చుంటారు. వెళ్ళినవారు వచ్చి ఊరక కూర్చుంటారు. ఇంటివారు మాట్లాడదలచుకోకపోతే మౌనంగానే లేచి వస్తారు. మన తెలుగు ఇండ్లలో ఇందుకు విరుద్ధంగా, గడప దాటగానే ‘ఎలా జరిగింది?’ అని మొదలుపెడతారు. ఆ తల్లి ఉదయంనుండి ఆ కథను ఇరవైసార్లు చెప్పి ఉంటుంది. ఇరవై ఒకటవసారి మన కుతూహలం కోసం చెప్పాలి. అడుగుట నుండి పుట్టిన ‘పుర్సా’కు ఇది అర్థం కాదు. ‘నీవు తిన్నావా?’ అన్నదీ ప్రశ్నే గదా.

తిండి ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. హిజ్రీ 8వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 629లో, ముఅతా యుద్ధంలో జాఫర్ బిన్ అబీ తాలిబ్ అమరులైన వార్త వచ్చినప్పుడు, వారి కుటుంబం దుఃఖంలో మునిగి ఉన్నది గనుక వారికోసం భోజనం తయారు చేయండని ప్రవక్త (స) ఆదేశించారు. యూదులలో శ్మశానంనుండి తిరిగివచ్చిన ఇంటివారికి మొదటి భోజనం ఇరుగుపొరుగువారే పెట్టాలి. అందులో గుండ్రని కోడిగుడ్డు తప్పక ఉంటుంది. మన పల్లెలలో చావు ఇంట పొయ్యి వెలిగించరు. పక్కింటినుండి చారూ అన్నమూ వస్తాయి. ఆ గిన్నె తెచ్చిన స్త్రీ ఒక్క మాట మాట్లాడనవసరం లేదు. గిన్నె తిరిగి ఇవ్వడానికి ఇంటివారు ఒకనాడు బయటకు రావాలి; ఆ విధంగా లోకంతో రాకపోకలు మళ్ళీ మొదలవుతాయి.

క్రైస్తవ విశ్వాసంలో ఓదార్పునకు గల ఆధారాన్ని ఇప్పుడు కొంత వివరించాలి. పౌలు థెస్సలొనీక సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో మృతులను గురించి ప్రస్తావిస్తూ, నిరీక్షణ లేనివారివలె దుఃఖించవద్దన్నాడు. ఈ మాటను పట్టుకొని, నిజమైన విశ్వాసి అసలు ఏడవరాదని బోధించేవారున్నారు. ఆ వాక్యం దుఃఖాన్ని నిషేధించలేదు; దుఃఖంలోనూ ఒక ఆశ నిలువగలదని మాత్రం అన్నది. అదే పౌలు రోమీయులకు వ్రాస్తూ ఏడ్చేవారితో ఏడవమని హితవు చెప్పాడు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో, తాను దేవునివలన పొందిన ఆదరణతోనే మనిషి ఇతరులను ఆదరించగలుగుతాడని వివరించాడు. దుఃఖం చవిచూసినవాడే మంచి పరామర్శకుడన్న మన అనుభవాన్ని అతడు విశ్వాసపు భాషలో చెప్పాడన్నమాట. వీటన్నింటి వెనుక సిలువ ఉన్నది. బాధపడేవానిని దూరంనుండి చూసి జాలిపడేవాడుగా కాక, ఆ బాధలో తానే పాలుపంచుకున్నవాడుగా దేవుని క్రైస్తవులు భావిస్తారు. అందుచేతనే వారికి పక్కన ఉండుట అన్నది పెద్ద మాట.

గెత్సేమనే తోటలోని రాత్రిని ఈ సందర్భంలో తలచుకోవాలి. పట్టుబడటానికి ముందు యేసు ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకొని వెళ్ళి, తనతో మెలకువగా ఉండమని మాత్రం కోరారు. వారు నిద్రపోయారు. అందరినీ ఓదార్చినవాడు తనకు కావలసినప్పుడు అడిగినది ఇంత చిన్న సాయం; అదీ దొరకలేదు. ఇంగ్లండు దేశస్థురాలు సిసిలీ సాండర్స్ (1918–2005) తన జీవితకార్యానికి ఈ కోరికనే ఆధారంగా తీసుకున్నది. ఆమె మొదట నర్సు, పిదప ఆసుపత్రి సామాజిక సేవిక, ఆ పిదప చదివి 1957లో డాక్టరు అయినది. 1948లో లండను ఆసుపత్రిలో డేవిడ్ తాస్మా అనే పోలండు యూదుడు కాన్సరుతో మరణిస్తూ ఉండగా ఆమె తరచు వెళ్ళి కూర్చునేది. అతనికి ఆ దేశంలో ఎవరూ లేరు. వైద్యశాస్త్రం చేతులెత్తివేసినవారికోసం ఒక ఇల్లు ఉండాలని ఇద్దరూ ముచ్చటించుకునేవారు. చనిపోతూ అతడు ఐదువందల పౌనులు ఆమెకు వదలి, ఆ ఇంటికి తానొక కిటికీ అవుతానన్నాడు. కిటికీ చుట్టూ ఇల్లు లేవడానికి పంతొమ్మిది సంవత్సరాలు పట్టింది. 1967లో దక్షిణ లండనులో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ తెరువబడింది. తాస్మా పేరిట ఆ కిటికీ కూడా అందులో ఉన్నది.

ఆమె గాఢమైన క్రైస్తవ భక్తురాలు. అయినను రోగుల మతం మార్చడానికి ఆ ఇంటిని వినియోగించలేదు. నొప్పిని శరీరానికి మాత్రమే సంబంధించినదిగా చూడక, మనసుకు, కుటుంబానికి, ఆత్మకు కూడా చెందినదిగా చూడాలని, దానికి ‘సంపూర్ణ వేదన’ అనదగిన పేరు పెట్టినది ఆమెయే. మార్ఫిన్ వేళకు ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఏమీ చేయలేని క్షణంలో గదినుండి వెళ్ళిపోకుండా ఉండడం అంత ముఖ్యమని ఆమె తన సిబ్బందికి నేర్పింది. రోగి మరణించిన తరువాత ఆ కుటుంబాన్ని విడిచిపెట్టక, మనోవైద్యుడు కోలిన్ ముర్రే పార్క్స్ సహాయంతో ఇంటికి వెళ్ళి పలకరించే ఏర్పాటు కూడా అక్కడ జరిగింది. ఈ హాస్పిస్ ఉద్యమం మన దేశానికీ వచ్చింది. హైదరాబాదులో ఒక హాస్పిస్ పేరు ‘స్పర్శ్’. పరామర్శకు మూలమైన ధాతువుకు తాకుట అని అర్థమున్నదని మొదట చెప్పుకున్నాము గదా, ఆ పేరు పెట్టినవారు ఆ సంగతి ఆలోచించి ఉండకపోవచ్చును.

లండనులోనే ఛాడ్ వారా అనే ఆంగ్లికన్ పురోహితుడు 1953లో, ప్రాణం తీసుకోవాలనుకునేవారికోసం సమరిటన్స్ అనే సేవను ప్రారంభించాడు. సలహా కోసం వచ్చినవారు తమ వంతు వచ్చేవరకు వెలుపలి గదిలో వేచి ఉండేవారు. అక్కడ స్వచ్ఛంద సేవకులు వారికి తేనీరు ఇచ్చి, చెప్పినది వింటూ కూర్చునేవారు. చాలామంది ఆ తేనీటితోనే తేలికపడి, పురోహితుని చూడకుండానే వెళ్ళిపోతున్నారని ఆయన గమనించాడు. ఆ పిమ్మట ఆ వినడమే ఆ సంస్థ ముఖ్య కార్యమైనది. తాను చెప్పదలచినదానికంటె తన గుమాస్తాలు ఇచ్చిన తేనీరు ఎక్కువ పనిచేస్తున్నదని ఒప్పుకోవడానికి మతాచార్యులకు కొంత వినయం కావాలి.

విశ్వాసం కలవానికి దుఃఖం తేలికగా ఉంటుందన్న భ్రమ తొలగాలంటే సి.ఎస్. లూయిస్ సంగతి చెప్పుకోవాలి. ఆంగ్ల సాహిత్యాచార్యుడు, క్రైస్తవ మతాన్ని సమర్థించి పేరు పొందిన రచయిత. దేవుడున్న లోకంలో బాధ ఎందుకున్నదో వివరిస్తూ 1940లో ఒక గ్రంథమే వ్రాశాడు. ఇరవై సంవత్సరాల తరువాత, 1960లో, భార్య జాయ్ కాన్సరుతో మరణించినప్పుడు ఆ వివరణ ఆయనకు అక్కరకు రాలేదు. నోటు పుస్తకాలలో వ్రాసుకున్న తన వేదనను 1961లో మారుపేరుతో ప్రకటించాడు. అందులో దేవునితో కలహం ఉన్నది, సందేహం ఉన్నది, తనను చూసి ఏమి మాట్లాడాలో తోచక తప్పుకొనిపోయే మనుషులున్నారు. తేలిక ఓదార్పులమీద విసుగు ఉన్నది. విశ్వాసం మాత్రం చివరకు నిలిచింది. అది నిలిచిన తీరు మొదటి గ్రంథంలోని తర్కంవలె నున్నగా లేదు. ఆ కారణం చేతనే దుఃఖంలో ఉన్నవారు ఆ చిన్న పుస్తకాన్ని నమ్ముతారు.

తెలుగు క్రైస్తవుల ఇండ్లకు వద్దాము. మరణం జరిగిన రాత్రి సంఘంవారు వచ్చి కీర్తనలు పాడుతూ కూర్చుంటారు. పాడలేనివారు కూడా పక్కన కూర్చుంటారు. పాట నడుస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడనక్కరలేదు, అదే ఆ పాటల గొప్ప. ఖననం తరువాత ఒకనాడు ‘ఆదరణ కూడిక’ జరుపుతారు. ప్రార్థన, వాక్యం, చనిపోయినవారిని గురించి నలుగురి మాటలు, ఆ పిదప భోజనం. నవంబరు 2న కథోలికులు సమాధులను శుభ్రపరచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మన వైపు దానిని ‘సమాధుల పండుగ’ అని కూడా అంటారు. ఈ కూడికలకు ఇతర మతస్థులు వెళ్ళవచ్చునా అని విద్యార్థులు మమ్ము అడుగుతూ ఉంటారు. నిస్సంశయంగా వెళ్ళవచ్చును. ప్రార్థనవేళ తల వంచి ఊరకుంటే చాలును. ‘మహిమలోనికి చేరినారు’, ‘ప్రభువునందు నిద్రించినారు’ అన్న మాటలు వారి విశ్వాసాన్ని తెలిపేవి. వారి నోట అవి ఓదార్పు. అదే విశ్వాసం లేని మనం వాటిని అరువు తెచ్చుకొని పలకడం కంటె, మీ నాన్నగారు మా ఇంటికి వచ్చినప్పుడు ఇలా నవ్వేవారు అని ఒక జ్ఞాపకం చెప్పడం మేలు. చనిపోయినవారి పేరు ఎత్తితే ఇంటివారికి బాధ కలుగుతుందని మనం భయపడతాము. వారు ఆ పేరును క్షణం కూడా మరువలేదు. మనం పలకకపోవడమే వారికి వెలితి.

2021 వేసవిలో ఈ విషయం మనకందరికీ కఠినంగా తెలిసివచ్చింది. అంత్యక్రియలకు 20 మందికి మించరాదన్న నిబంధన, వ్యాధి భయం కలిసి చావు ఇండ్లను ఏకాకులను చేశాయి. జనాజా మోయడానికి నలుగురు దొరకని ఇండ్లు, కీర్తన పాడేవారు లేని ఇండ్లు ఆ రోజులలో ఎన్నో. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు ఫోనులో వచ్చిన సంతాప సందేశాలను లెక్కపెట్టుకున్నారే కాని, పక్కన ఒక మనిషి కూర్చోలేదు. నాడు జరుగని పరామర్శ నేటికీ బాకీయే. సంవత్సరాలు గడిచిన తరువాత అడిగినా వారు కాదనరు.

కళాశాలలో విద్యార్థి ఇంట మరణం జరిగితే రెండు నిమిషాల మౌనం పాటించి తీర్మానం చేస్తాము. అది ఉచితమే. కాని దుఃఖం తీర్మానంతో లేచిపోదు. మూడవ వారంలో, బంధువులందరూ వెళ్ళిపోయిన తరువాత, అది తీరికగా వచ్చి కూర్చుంటుంది. మాకు చెహలుమ్ నలభయ్యవ దినాన వస్తుంది; ఆ తరువాత వచ్చే మొదటి రంజాను, వారికి మొదటి క్రిస్మసు, ఆ పిల్లవానికి అన్నింటికంటె కష్టమైన దినాలు. ఆ దినాలలో ఒక సహాధ్యాయి వెళ్ళి కూర్చుంటే అది పరామర్శ. తప్పిపోయిన పాఠాల నోట్సు అడగకముందే వ్రాసి ఇవ్వడమూ పరామర్శే. కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. తండ్రి పోయిన విద్యార్థి హాజరు తక్కువైనదని కార్యాలయం కిటికీ వద్ద నిలబడి మరణ ధ్రువపత్రం చూపి కారణం చెప్పుకోవలసిన స్థితి రాకూడదు. ఆ అర్జీని అతని తరఫున తరగతి ఉపాధ్యాయుడే వ్రాసి సంతకం చేసి పంపే ఏర్పాటు ఉంటే బాగుంటుంది. దానికి ఒక కాగితం, ఒక పావుగంట మించి పట్టదు.